లిఫ్ట్ పైకి వచ్చింది

దుకాణం వెనక గది,
జూన్, సోమవారం

వదినకి నమస్కారాలు.

ఏమీ లేదు, ఊరికే రాస్తున్నాను. కాగితం మీద రాసి ఎన్నాళ్ళయిందో, నా చేతిరాత చూసి నాకే జాలేసింది. మీరు ప్రూఫులు దిద్దే మనిషి. దయచేసి ఎర్ర పెన్ను తీయకుండా చదవండి.

నేను బాగానే ఉన్నాను. రిపేరుకి వచ్చే కంప్యూటర్లు తగ్గాయి, ప్రింటర్లు పెరిగాయి. అవి కూడా ఎత్తి బల్ల మీద పెట్టేసరికి నడుం విరిగేంత బరువువి. ఎదురుగా ఉండే తాళాల షాపాయన మూసేసి వెళ్ళిపోయాడు. పొద్దున్న నేను షట్టర్ తీస్తే ఆ చప్పుడు వీధి చివరిదాకా పోతోంది. వేరే చప్పుడే లేదు మరి.

మీ కంప్యూటర్ బాగా పనిచేస్తోందా? పోయిన వారం రెండు మెయిళ్ళు పెట్టాను, జవాబు లేదు. ఫోన్ చేస్తే మీ చెవి యంత్రం ఈల వేస్తుంది. మీ సెల్‌ఫోన్ సొరుగులో చార్జింగ్ లేకుండా నిద్రపోతూ ఉంటుంది. అందుకే ఈ ఉత్తరం.

ఈమధ్య అందులో కొత్తగా ఏమైనా వేశారా? వేస్తే ఏం వేశారో రాయండి. ఆన్ చేసిన దగ్గర్నుంచి ఏం జరుగుతోందో వరసగా రాయండి. ఎవర్నీ పిలిచి చూపించకండి. తెలియనివాళ్ళు చెయ్యి పెడితే ఉన్నది కూడా పోతుంది.

మీ మరిది


మేడ మీది ముందు గది,
జూన్, శుక్రవారం

ప్రియమైన మరిదికి,

నీకు దివ్యదృష్టి ఏమైనా వచ్చిందా? ఇక్కడ నా కంప్యూటర్ మొరాయించిందని అక్కడ నీకెలా తెలిసింది? పైగా కింద దర్జీకి ఫోన్ చేసి నేను మెట్లు దిగడం చూశాడా అని అడిగావట. ఆయన మూడు జాకెట్లు పక్కన పెట్టి మరీ పైకొచ్చి నా మొహంలోకి తొంగిచూసి వెళ్ళాడు. ఎందుకయ్యా అంత కంగారు? నేను గుండ్రాయిలా ఉన్నాను.

జరిగింది చెబుతాను. నాకు పనిచ్చే పుస్తకాలాయన, ఒక పశువుల డాక్టరు రాసిన లావుపాటి పుస్తకం టైపు చెయ్యమని పంపాడు. గిట్టల జబ్బుల మీద. అది వచ్చిన పెన్‌డ్రైవ్‌తో పాటు వైరస్ కూడా వచ్చింది. నా ఫోల్డర్లన్నీ తెరుచుకోకుండా మొండికేశాయి. నీకు చెబుదామనుకున్నాను. ప్రతిదానికీ ఈవిడ నా ప్రాణం తీస్తోంది అనుకుంటావేమోనని ఆగాను. బజారుకెళ్ళి కొత్త యాంటీవైరస్ డబ్బా కొనుక్కొచ్చి నేనే వేశాను. అన్నిటికీ సరే, సరే అని నొక్కుకుంటూ పోయాను. చివర్లో పచ్చటి టిక్కు వచ్చింది. ఆ పూట నాకు నేనే టీ పెట్టుకుని సంబరం చేసుకున్నాను.

మర్నాటి నుంచి మొదలైంది నా కష్టం. ఆన్ చేస్తే నేను స్నానం చేసి వచ్చేదాకా కూడా తెర తెల్లబడదు. బాణం గుర్తు నత్తలా కదులుతుంది. మన అక్షరాలు కొట్టే కీబోర్డు ప్రోగ్రాం మాయమైంది. గిట్ట అని కొడితే ఏవో ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ పడుతున్నాయి. మెయిలు లోపలికీ రాదు, బయటికీ పోదు. మూలన ఒక ఎర్ర డబ్బా లేచి మీకు ప్రమాదం అంటుంది. దాన్ని నొక్కితే ఇంకో మూలన పసుపు డబ్బా లేచి, కాదు కాదు నేనున్నాను అంటుంది. తల ప్రాణం తోకకొచ్చింది.

పని ఆగిపోయింది. పని ఆగితే నాకు రోజు గడవదు, అది నీకు తెలియనిది కాదు. మీ అన్నయ్య పోయాక ఈ ఇంట్లో నేను మాట్లాడేది ప్రూఫులతోనే. తప్పు కనబడితే పైకే తిడతాను. ఇప్పుడు తిట్టడానికి కూడా ఎవరూ లేరు.

త్వరగా మందు చెప్పు.

మీ వదిన


దుకాణం వెనక గది,
జూన్, మంగళవారం

వదినకి,

మీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత తల పట్టుకున్నాను. ఆ పసుపు డబ్బా అన్నయ్య వేసిన పాత యాంటీవైరస్. దాన్ని తీయకుండా దాని నెత్తిన కొత్తది వేశారు. ఒక గుమ్మానికి ఇద్దరు కాపలావాళ్ళని పెడితే ఏమవుతుంది? దొంగని వదిలేసి ఒకళ్ళ జేబులు ఒకళ్ళు వెతుక్కుంటారు. అందుకే ఆ నత్తనడక.

ముందు పాతదాన్ని తీసెయ్యండి. కంట్రోల్ పానెల్‌లోకి వెళ్తే వేసిన ప్రోగ్రాములన్నీ కనిపిస్తాయి. పసుపు బొమ్మ ఉన్నదాని మీద అన్‌ఇన్‌స్టాల్ నొక్కండి. నిజంగానా అని అడుగుతుంది. నిజంగానే అనండి. ఆపేసి మళ్ళీ ఆన్ చేస్తే సగం జబ్బు తగ్గుతుంది.

తర్వాత కొత్తదాన్ని తెరిచి, ఫైర్‌వాల్ అన్న చోట మెయిలు ప్రోగ్రాంకి అనుమతి ఇవ్వండి. మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ పట్టుకుని మార్చడమే ఆ కీబోర్డు పని కదా, దాన్ని చూసి గూఢచారి అనుకుని లోపలేసింది. క్వారంటైన్ అనే అరలో ఉంటుంది. దాని పక్కనే ఇంకో చిన్న ప్రోగ్రాం కూడా ఉండాలి. రెండింటికీ టిక్కు పెట్టి రీస్టోర్ నొక్కండి. ఆ అరలో ఉన్నవాటిని రెండు నెలలు దాటితే అది తనంతట తనే చెరిపేస్తుంది, కాబట్టి ఆలస్యం చెయ్యకండి.

ఆ రెండోదాని వివరాలు చూడక్కర్లేదు. అన్నయ్య ఏదో పనికోసం రాసుకున్నది. ఉంటే మంచిది.

మీ మరిది


మేడ మీది ముందు గది,
జూన్ చివర

మరిదిగారికి,

మీరు చెప్పినట్టే చేశాను. పసుపు డబ్బా పోయింది. కంప్యూటర్ లేడిపిల్లలా లేస్తోంది. అక్షరాలు వస్తున్నాయి. మెయిలు కూడా పనిచేస్తోంది. అయినా చేత్తోనే రాస్తున్నాను. ఆ యంత్రంలో నేను కొట్టేది ఎవరెవరికి చేరుతుందో నాకిప్పుడు నమ్మకం లేదు.

వివరాలు చూడక్కర్లేదు అని రాశారు. జన్మంతా ప్రూఫులు దిద్దినదాన్ని, చూడక్కర్లేదన్న చోటే ముందు చూస్తాను. గంట అని దాని పేరు. కంప్యూటర్ ఆన్ చేసి నేను మొదటి అక్షరం కొట్టగానే, నాకు కనబడకుండా, మీ అన్నయ్య పేరు మీద ఒక మెయిలు పంపుతుందట. యాంటీవైరస్ అన్నీ విప్పి చూపించింది. ఎవరికి అంటే మీకు. ఏమని అంటే, లిఫ్ట్ పైకి వచ్చింది అని.

ఆ మాట ఆయన నాకు చెప్పేవాడు. లిఫ్ట్ మెకానిక్ పెళ్ళాన్ని నేను. ఆయన లిఫ్ట్ కింది గుంతలోకి దిగిన రోజు పని అయ్యేదాకా నాకు ముద్ద దిగేది కాదు. పని అవగానే ఎక్కడో ఒక చోటు నుంచి ఫోన్ చేసి ఆ ఒక్క ముక్క చెప్పి పెట్టేసేవాడు. అప్పుడు నాకు చెవులు బాగానే వినిపించేవి. ఆ మాట మా ఇద్దరిదీ. దాన్ని రెండేళ్ళుగా నా వెనకాల మీరిద్దరూ వాడుకున్నారు.

మీ అన్నయ్య మీద కోపం తీర్చుకునే వీలు లేదు. మీ మీద ఉంది.

ఒకసారి కడుపునొప్పితో నేను మంచం దిగలేదు. మధ్యాహ్నానికి దర్జీ భార్య ఫ్లాస్కుతో పైకొచ్చింది. మీ మరిదిగారు అడగమన్నారు అంది. ఇంకోసారి రోజంతా కరెంటు లేదు, ఆన్ చెయ్యలేదు. మర్నాడు చూస్తే మీ మెయిలు, వదినా, ఎందుకో గుర్తొచ్చారు అని. ఆ ఎందుకో అన్న మాట నాకెంత నచ్చిందో మీకు తెలియదు. ఈ భూమ్మీద నేను ఎందుకో గుర్తొచ్చే మనిషి ఒకడున్నాడు అనుకుని ఎన్ని రోజులు సంతోషంగా ఉన్నానో.

ఇప్పుడు తెలిసింది ఎందుకో. యంత్రం గుర్తు చేస్తే గుర్తొచ్చాను.

కీబోర్డుని బయటికి తీశాను. ఆ రెండోది అరలోనే ఉంది. ఉండనివ్వండి.

ఇట్లు,
మీ అన్నగారి భార్య


దుకాణం వెనక గది,
జూలై మొదట్లో

వదినకి,

మీరు గారు అని రాసిన దగ్గరే ఆగిపోయాను. ఆ తర్వాతది చదవడానికి ధైర్యం చాల్లేదు.

మీరన్నది నిజం. ఆ కబురు రాని రోజే నేను మిమ్మల్ని పలకరించాను. కాదని చెప్పి మిమ్మల్ని ఇంకోసారి మోసం చెయ్యను. కానీ కబురు వచ్చిన రోజుల సంగతి కూడా వినండి.

ఆసుపత్రిలో ఆఖరి వారాల్లో అన్నయ్య ఒళ్ళో కంప్యూటర్ పెట్టుకుని దాన్ని రాశాడు. వదినకి చెప్పావా అంటే, చెబితే పీకి పారేస్తుంది అన్నాడు. అప్పుడొక సంగతి చెప్పాడు. ఏదో ఆఫీసులో సెలవురోజు ఒకావిడ లిఫ్ట్‌లో ఇరుక్కుపోయిందట. సాయంత్రం దాకా గంట నొక్కుతూనే ఉందట. గంట చక్కగా మోగింది, అన్నయ్యే బిగించిన గంట. భవనంలో వినడానికి ఒక్క ప్రాణి లేదు. ఆవిణ్ణి బయటికి తీసినప్పుడు గంట బాగానే ఉందండీ అని చెప్పబోయి సిగ్గుపడ్డానురా అన్నాడు. మీ వదిన పిలిస్తే వినడానికి నువ్వుండు అన్నాడు. ఉంటానన్నాను.

అన్నయ్య పోయాక మీరు మళ్ళీ పని మొదలుపెట్టిన రోజు పొద్దున్న నా తెర మీద అన్నయ్య పేరు వచ్చింది. లిఫ్ట్ పైకి వచ్చింది. నేను కుర్చీలో కూలబడి ఏడ్చాను వదినా. మీరు బాగున్నారన్న కబురే అది, నాకు తెలుసు. కానీ పేరు అన్నయ్యది. ఆ రోజు నుంచి అది చూడందే షట్టర్ తీయలేదు. అది చూశాక నాకు మీ ఇద్దరితోనూ మాట్లాడినట్టే ఉండేది. మాట్లాడినట్టే ఉండేది కాబట్టి మాట్లాడటం మానేశాను. అదే నేను చేసిన పని.

పోయిన చలికాలం నాకు జ్వరం వచ్చి దుకాణం తీయలేదు. గోడ పట్టుకుని నడిచి వెళ్ళి తెర మీద ఆ ముక్క చూసుకుని మళ్ళీ పడుకునేవాణ్ణి. ఎన్నో రోజుకో ఒకాయన వచ్చి షట్టర్ బాదాడు. నా ప్రింటర్ అయిందా అన్నాడు. మనిషి బాగున్నాడా అని అడగాల్సిన పని ఆయనకి లేదు కదా.

మీరు దాన్ని బయటికి తీయకపోతే తప్పు మీది కాదు. రెండు నెలలు దాటితే చెరిగిపోతుంది. మీ ఇష్టం. నాకైతే పొద్దున్నే ఖాళీ తెర చూడటం కష్టంగా ఉంది.

మీ మరిది


దుకాణం వెనక గది,
జూలై, బుధవారం

వదినకి,

జవాబు రాలేదు. రాయమని అడగను. దర్జీకి ఫోన్ చేద్దామని రెండుసార్లు తీసి పెట్టేశాను, మీకు కోపం వస్తుందని.

ఒక్క సంగతి. యాంటీవైరస్ అప్‌డేట్ అడిగితే కాదనకండి. పాతబడితే పనికిరాదు.

మీ మరిది


మేడ మీది ముందు గది,
జూలై చివర

మరిదికి,

కోపం తగ్గింది. పూర్తిగా కాదు. అడుగున కొంచెం అంటుకుని ఉంది, దాన్ని ఉండనివ్వు.

నీ ఉత్తరం రోజూ చదివాను. గిట్టల జబ్బులు పక్కన పెట్టి మరీ చదివాను. చదివినప్పుడల్లా నాకు మీ అన్నయ్య కాదు, నువ్వు గోడ పట్టుకుని నడవడమే కనిపించింది. నా గంట వినడానికి ఒక మనిషిని ఏర్పాటు చేసి పోయాడు ఆయన. మరి నీ గంట ఎవరు వింటారని ఆయనకీ తోచలేదు, నీకూ తోచలేదు. అన్నదమ్ములిద్దరూ గొప్ప మెకానిక్కులు.

ఆ ప్రోగ్రాం సంగతి. నిన్న ఆ అర తెరిచాను. రీస్టోర్, డిలీట్, రెండూ పక్కపక్కనే ఉన్నాయి. చాలాసేపు చూశాను. ఆయన చేతి పని, ఒళ్ళు ఒళ్ళులా లేనప్పుడు కూర్చుని చేసింది. చెరపడానికి చెయ్యి రాలేదు. బయటికి తీయడానికి మనసు రాలేదు. అలాగే మూసేశాను. ఈ పొద్దున్న చూస్తే గడువు అయిపోయినట్టుంది, అర ఖాళీ. ఏడ్చాను. ఎందుకు దాచాలి, బాగా ఏడ్చాను. నా ఏడుపు నాకే వినపడదు కాబట్టి ఎంతసేపు ఏడ్చానో తెలియలేదు. కింద నుంచి దర్జీ భార్య పరుగెత్తుకొచ్చింది.

అదే మంచిదయ్యా. పోయినవాడు రోజూ పొద్దున్నే కబురు పంపడం నీకూ మంచిది కాదు, నాకూ మంచిది కాదు.

రేపట్నుంచి ఆ ముక్క నేను రాస్తాను. నా చేత్తో, నా పేరు మీద. దాన్ని చూసుకుని షట్టర్ తీసేసి ఊరుకుంటానంటే కుదరదు. నువ్వూ రాయాలి. నువ్వు రాసేదాకా నేను పని మొదలుపెట్టను. పశువుల డాక్టరు నిన్ను తిట్టుకుంటాడు, నాకేం.

ఇంకోటి. నీ షట్టర్ తాళంచెవి ఒకటి ఎక్కువ ఉంటుంది కదా, అది పోస్టులో పంపు. నాది ఈ కవరులో పెట్టాను. ఎందుకని అడక్కు. అంత మెకానిక్కువి, నీకే అర్థం కావాలి.

మీ వదిన


మెయిలు, మేడ మీది ముందు గది నుంచి,
ఆగస్టు

లిఫ్ట్ పైకి వచ్చింది. నీది?


మెయిలు, దుకాణం నుంచి,
అదే రోజు

ఇక్కడా వచ్చింది వదినా. మీ పేరు చూసి ఒక్క క్షణం ఎవరా అనుకున్నాను. షట్టర్ తీస్తున్నాను. తాళంచెవి రిజిస్టర్ పోస్టులో వేశాను, నవ్వకండి.


మెయిలు, మేడ మీది ముందు గది నుంచి,
సెప్టెంబరు

పైకి వచ్చింది. తాళంచెవి ఎప్పుడో అందింది. చెవి యంత్రం పెట్టుకునే డబ్బీలో పెట్టాను, అదైతే రోజూ తెరుస్తాను. ఈ రోజు వాన. డాక్టరుగారి పుస్తకం అయిపోయింది, గిట్టలు లేకుండా దిక్కు తోచడం లేదు. నువ్వు తిన్నావా?


మెయిలు, దుకాణం నుంచి,
అక్టోబరు

పైకి వచ్చింది. తిన్నాను. వరసగా ఇన్ని నెలలు రోజూ ఎవరో ఒకరు తిన్నావా అని అడగడం నాకు అలవాటు లేదు. మొదట్లో ఇబ్బందిగా ఉండేది. ఈ రోజు ఇంకా అడగలేదేమిటా అని చూస్తున్నాను. బ్యాంకువాళ్ళ పెద్ద ప్రింటర్ ఒకటి వచ్చింది. రేపు ఎత్తి బల్ల మీద పెట్టాలి.


మెయిలు, మేడ మీది ముందు గది నుంచి,
అక్టోబరు, మర్నాడు

పైకి వచ్చింది. నీది రాలేదు. పదకొండయింది.

ప్రింటర్ గొడవలో పడ్డావేమో అనుకున్నాను. నా మెయిలు చూశావా లేదా అని దర్జీ చేత నీకు ఫోన్ చేయించాను. మోగుతోందట, ఎత్తడం లేదట. యాంటీవైరస్ ఏమైనా అడ్డుపడిందా అని మొత్తం తెరిచి చూశాను. అన్నీ పచ్చగానే ఉన్నాయి. నా దగ్గర ఏ లోపం లేదు. అంటే లోపం నీ దగ్గర.

సంచి సర్దుకున్నాను. మధ్యాహ్నం రైలుకి బయల్దేరుతున్నాను. దర్జీ టికెట్ తీసిపెట్టాడు. నేనొచ్చి చూసేసరికి నువ్వు కుర్చీలో కూర్చుని, ఏదో కేబుల్ ఊడిపోయింది వదినా అంటే నిన్ను చంపేస్తాను. అదే అనాలని కోరుకుంటున్నాను.

నీ కుర్చీ మీద ఎప్పుడూ వైర్లు ఉంటాయని మీ అన్నయ్య అనేవాడు. తీసి పెట్టు. నాకు కూర్చోడానికి చోటు కావాలి.


దుకాణం వెనక గది, మంచం మీద,
పాత బిల్లు వెనక

వదినకి,

పోస్టు చెయ్యగలనో లేదో తెలియదు, అయినా రాస్తున్నాను. నిన్న పొద్దున్నే, షట్టర్ తీయకముందే, ఆ బ్యాంకు ప్రింటర్ ఎత్తబోయాను. నడుం కలుక్కుమంది. పాక్కుంటూ మంచం దాకా వచ్చి పడ్డాను. ఇక కదిలితే ఒట్టు. ఫోన్ దుకాణంలో బల్ల మీద ఉంది. నిన్న చాలాసార్లు మోగింది. కంప్యూటర్ కూడా అక్కడే, ఆన్ చెయ్యనే లేదు. చేతికందే దూరంలో ఈ బిల్లులూ పెన్నూ, ఒక సీసాలో సగం నీళ్ళూ ఉన్నాయి. నీళ్ళు ఇప్పుడే అయిపోయాయి.

అరిచి చూశాను. ఎదురు షాపు మూసే ఉంది కదా. నా అరుపు నాకే వినిపించి ఊరుకున్నాను. అన్నయ్య చెప్పిన ఆ లిఫ్ట్‌లో ఆవిడ గుర్తొచ్చింది. భయమేసింది వదినా. నిజంగా భయమేసింది.

మీ ముక్క నిన్న వచ్చే ఉంటుంది. ఈ రోజూ వచ్చే ఉంటుంది. చూడకుండానే తెలుసు. కానీ నాది మీకు చేరలేదు, మీరు పని మొదలుపెట్టకుండా

ఎవరో షట్టర్ కొడుతున్నారు. వీధంతా అదిరిపోయేలా బాదుతున్నారు. తనెంత గట్టిగా కొడుతోందో తనకి వినపడని మనిషే అలా కొడుతుంది. వస్తున్నా అని అరవబోయి మానేశాను. అరిచినా మీకు వినపడదు, నేను లేవనూ లేను.

ఆగింది. చేతిలో తాళంచెవి ఉంచుకుని ముందు మర్యాదకి కొట్టారన్నమాట. ఇప్పుడు తాళం తిరుగుతోంది. షట్టర్ సగం లేచి ఆగింది, ఊపిరి తీసుకుంటున్నట్టున్నారు. మళ్ళీ లేస్తోంది. ఈ దుకాణం పెట్టినప్పటి నుంచి ఆ చప్పుడు లోపల పడుకుని వినడం ఇదే మొదటిసారి.

మీరు కూర్చోడానికి ఉన్న ఒక్క కుర్చీ మీదా వైర్లు ఉన్నాయి వదినా. తీయలేకపోయాను.